సంపెంగ పేరు పుట్టుపూర్వోత్తరములు

తెలుగు సాహిత్యము చదివినవారికి సంపెంగ పేరు వినగానే మొదట స్ఫురించునది పూవు కాదు, ముక్కు. స్త్రీ నాసికను సంపెంగతో పోల్చుట ప్రబంధకవుల నాటికే పాతబడిన పద్ధతి. ఆ పాత పోలికకు క్రొత్త కథ కల్పించిన పద్యమొకటి వసుచరిత్రమున ఉన్నది. అన్ని పూవుల తావులను మెచ్చు తుమ్మెద తన్నొక్కదానినే ఒల్లకున్నదని అలిగి, సంపెంగ తపస్సు చేసి వనిత ముక్కుగా పుట్టినదట; చూపులనెడి తుమ్మెదలను ఇరుప్రక్కల నిలుపుకొన్నదట. ఆ పద్యము నంది తిమ్మనదనియు, రామరాజభూషణుడు వెలయిచ్చి కొని తన కావ్యమున చేర్చుకొన్నాడనియు, తిమ్మనకు ముక్కు తిమ్మన అను పేరు దానివలననే వచ్చినదనియు చాటుకథ. కథయందలి నిజానిజములు ఎట్లున్నను, అందు కవి వాడిన పేరు గమనింపదగినది. చంపకమనలేదు, సంపెంగయనలేదు, గంధఫలి అన్నాడు.

అమరకోశము చంపకవృక్షమునకు చాంపేయము, హేమపుష్పకము అను పర్యాయములనిచ్చి, దాని మొగ్గకు మాత్రము గంధఫలి యని వేరుగ పేరు పెట్టినది. విచ్చిన సంపెంగకు రేకులు పెక్కు. అవి నలుగడల విడివడి ఉండును. దానికిని ముక్కునకును పోలిక లేదు. పోలునది విచ్చుటకు ముందున్న మొగ్గ. కుదురుగా ముడుచుకొని, కొనదేరి, పసిమి వన్నెతో నుండు ఆ మొగ్గను తలచుకొన్నప్పుడే పద్యము కుదురును. కవి నిఘంటువు నెరిగినవాడు, చెట్టునుగూడ ఎరిగినవాడు. 'గంధఫలి యనగా సంపెంగ' అని టీక వ్రాసి ఊరకొన్నచో చదువరికి దక్కునది సగమే. పూవుల పేర్లు వచ్చినచోట 'ఒకానొక పుష్పవిశేషము' అని దాటిపోవు వ్యాఖ్యాతలవలన తెలుగు కావ్యములకు జరిగిన నష్టము చిన్నది కాదు.

తుమ్మెద సంపెంగను చేరదనుట తిమ్మన కల్పన కాదు. అది భారతీయ కవులందరి సొత్తు. కవిసమయములను కేవలము కల్పనలని త్రోసివేయు అలవాటు నేటివారిలో కలదు. ఇచ్చట ఆ తొందర తగదు. కలకత్తాలో న్యాయమూర్తిగానుండిన విలియం జోన్సు భారతదేశపు మొక్కలనుగూర్చి వ్రాసిన పరిశీలనలు 1795లో, ఆయన మరణానంతరము, ఆసియాటిక్ రిసర్చెస్ నాలుగవ సంపుటమున వెలువడినవి. చంపకపు ఘాటువాసన తేనెటీగలకు గిట్టదని చెప్పుదురనియు, అవి ఆ పూవుపై కానరావనియు ఆయన అందు వ్రాసినాడు. ఆ పసిడిపూలు భారత స్త్రీల నల్లని కురులలో ఎంత అందగించునో రుంఫియస్ చెప్పియున్నాడని కూడ అచ్చటనే తలచుకొన్నాడు. ఆంగ్లకవి షెల్లీ ఈ దేశమును ఎన్నడును చూడలేదు. అయినను ఆయన భారతీయగీతమున చంపకసౌరభము వీచుచున్నది. ఇక వృక్షశాస్త్రజ్ఞులు చెప్పునది వేరొక విశేషము. సంపెంగ కుటుంబము పూచెడి మొక్కలలో మిక్కిలి పాతది. ఆ కుటుంబపు పూవులలో పరాగమును మోసికొనిపోవు పని ప్రధానముగా పెంకుపురుగులది. తేనెకై వచ్చు ప్రాణికి అచ్చట దొరకునది స్వల్పము. తుమ్మెద రాకపోవుటకు కవులు కారణము పూవు దురదృష్టమందు వెదకినారు. కాని వారు కంటితో చూచిన సంగతి మాత్రము వట్టిది కాదు.

ఇక పేరు ఎట్లు పుట్టినది? ధాతుపాఠమున చపి యను ధాతువునకు గమనమని అర్థము. దానినుండి చంపకశబ్దమును సాధించు త్రోవ వైయాకరణులకున్నది. కాని 'పోవునది' యని చెప్పినచో చెట్టునుగూర్చి తెలిసినదేమి? తావి దూరము పోవునని సమర్థింపవచ్చును. అట్లయిన మల్లె తావియు పోవును, మొగలి తావి మరింత పోవును. పదము ముందుండి, ధాతువు తరువాత దానికై వెదకబడిన సందర్భములలో ఇది ఒకటి. అరటి, తమలపాకు వంటివాటి సంస్కృత నామములగు కదలీ, తాంబూల శబ్దములను పరీక్షించి, అవి ఆర్యభాషలకు పూర్వమే ఈ దేశమున వ్యవహరించిన వేరు భాషలనుండి వచ్చినవని ఫ్రెంచి పండితుడు ప్జిలుస్కీ వాదించినాడు. తూర్పు అడవులలో పుట్టి పెరిగిన చెట్టునకు ఆ అడవుల జనులు పెట్టిన పేరే సంస్కృతమున చేరియుండుట అసంభవము కాదు. చంపకశబ్దమునుగూర్చి అంతకు మించి గట్టిగా చెప్పుట సాహసము.

మరొక వాదము నగరముపై ఆధారపడినది. అంగదేశపు రాజధాని చంప. నేటి బీహారులో భాగల్పూరు ప్రక్కనున్న చంపానగరము, చంపాపురము అను చోట్లు ఆ పేరును నిలుపుకొన్నవి. కర్ణుడు ఏలిన అంగము ఇదియే. బుద్ధుడు ఈ నగరమున గగ్గరా అను కొలను గట్టున విడిసియుండెనని దీఘనికాయమున కలదు. ఆ గట్టున చంపకవృక్షములుండెనని అట్ఠకథ చెప్పుచున్నది. జైనుల పండ్రెండవ తీర్థంకరుడగు వాసుపూజ్యునకు ఇది పుట్టినచోటును, నిర్వాణమందినచోటును. అంగమగధములకు నడుమ పారు నదియు చంపయే. అందున్న నాగరాజు కథ చాంపేయజాతకము. ఏడవ శతాబ్దమున చీనాయాత్రికుడు హ్యూయన్ త్సాంగు ఈ పట్టణమును చూచినాడు.

అమరుడు చెప్పిన చాంపేయశబ్దము కుంతికి కౌంతేయునివలె చంపకు చెందినదను అర్థమును తోపింపజేయును. కావున పూవునకు పేరు నగరమునుండి వచ్చినదని కొందరందురు. ఇది నిలువదు. ఆ చెట్టు హిమాలయపు తూర్పుచరియలలోను, పడమటి కనుమలలోను, బర్మా మొదలుకొని ఆగ్నేయాసియా వరకును సహజముగ పెరుగును. ఇన్ని అడవులలో పూచు పూవు గంగాతీరమందలి ఒక పట్టణము వెలసి పేరిచ్చువరకు వేచియుండనక్కరలేదు. పురాణములు మరొక ఉపకారము చేసినవి. చంపుడను రాజు పేరిట ఆ పట్టణము చంపయైనదనియు, అంతకు పూర్వము దాని పేరు మాలిని యనియు అవి చెప్పుచున్నవి. మాలిని యనగా పూలదండ ధరించినది. రాజు కథను పట్టించుకొన్నను మానినను, ఆ ఊరికి ముందు దండ పేరు, పిదప పూవు పేరు కలిగినవను మాట మిగులును. చాంపేయశబ్దమును అమరుడే నాగకేసరమునకును పర్యాయముగా చెప్పినాడు. ఊరినిబట్టి వచ్చిన పేరే అయినచో రెండు వేరు చెట్లకు అది చెల్లుటకు కారణము చెప్పుట ఇంకను కష్టము.

పూవు ఊళ్లకు పేరిచ్చుట ఒక్కచోట ఆగలేదు. 1917లో గాంధీజీ నీలిమందు రైతుల పక్షమున సత్యాగ్రహము నడపిన చంపారన్, చంపారణ్యమే. ఛత్తీసుగఢులో రాయపూరునకు అనతిదూరమున వేరొక చంపారణ్యము కలదు. కాశినుండి తరలివచ్చుచున్న తెలుగు బ్రాహ్మణదంపతులకు 1479లో అచ్చట పుట్టిన శిశువే పుష్టిమార్గమును నెలకొల్పిన వల్లభాచార్యులని సంప్రదాయము. హిమాచలమందలి చంబా పట్టణమునకు పదవ శతాబ్దపు రాజు సాహిలవర్మ తన కూతురు చంపావతి పేరు పెట్టెనందురు. విజయనగరము జిల్లాలో పారి కోనాడ దగ్గర సముద్రమున కలియు ఏరునకును చంపావతి యనియే పేరు. సముద్రమునకు ఆవల, నేటి వియత్నాం మధ్య దక్షిణభాగములలో వెలసిన చంపారాజ్యము వీటన్నిటికంటె పెద్దది. ఏడవ శతాబ్దపు శాసనములనుండి ఆ పేరు కనబడుచున్నది. 1471లో దాని రాజధాని విజయ పడిపోయినది. చివరి తునక 1832లో వియత్నాం రాజ్యమున లీనమైనది. ఆ పేరు అంగదేశపు నగరమును తలచి పెట్టుకొన్నదా, ఆ నేలపై పూచు పూవును చూచి పెట్టుకొన్నదా అను విషయమున చరిత్రకారులు రెండు పక్షములుగా నున్నారు.

దక్షిణభాషలలో ఈ పదము పొందిన రూపములు భాషాచరిత్రకు మిక్కిలి పనికివచ్చునవి. తమిళమున సంఘకాలపు కురింజిప్పాట్టు 99 పూవులను వరుసగా పేర్కొనుచు చణ్బగమును చెప్పినది. తరువాతి రూపము చెణ్బగము. మలయాళమున చెంబగము. ఈ తుదిరూపములను చూచి, చెం అనగా ఎరుపు, చెంబు అనగా రాగి, రాగివన్నె పూవు గనుక ఇది అచ్చమైన ద్రావిడపదమని చెప్పువారున్నారు. వినుటకు సొంపుగనే ఉన్నది. కాని అన్నిటికంటె పాతదైన తమిళరూపమున మొదటి అచ్చు ఎకారము కాదు, అకారము. జయము చెయమైనట్లు, చకారము ప్రక్క అకారము ఎకారమగుట తమిళమున తరువాతి మార్పు. పైగా చెం అను మాటయే మూలమైనచో బకారమునకు ముందు మకారముండవలెను గాని ణకారమునకు చోటెక్కడిది? వన్నెను చూచి పదమును విరుచుట జనవ్యుత్పత్తి. జనవ్యుత్పత్తులలో ఇది అందమైనదే, అంతమాత్రమే.

తెలుగున సంపగి, సంపంగి, సంపెంగ, సంపెగ అను రూపములున్నవి. కన్నడమున సంపిగె, బెంగుళూరు మల్లేశ్వరమునందలి సంపిగె వీధిని ఎరుగని కన్నడిగుడుండడు. చకారము సకారమగుట తెలుగునకు పరాయిది కాదు. పరుషములకు గసడదవలు ఆదేశమగునని చిన్నయసూరి 1858లో సూత్రించినప్పుడు, చకారమునకు సకారమును, కకారమునకు గకారమును చెప్పినాడు. ఆ సూత్రము పదములు కలియుచోటికి చెందినది. కాని ఆ ధ్వనుల చుట్టరికము భాష అంతటను కలదు. చంపకము సంపగియగుటలో మొదట చకారము సకారమైనది, చివర కకారము గకారమైనది. మరొక విశేషము. సంస్కృతపదములలో అకారమునకు ముందున్న చకారమును తెలుగువారు తాలవ్యముగా పలుకుదురు. దేశ్యములందును, తద్భవములందును దంత్యముగా పలుకుదురు. చంపకమును పలుకు నోరు వేరు, చందమామను పలుకు నోరు వేరు. ఆ దంత్యచకారము సకారమునకు అడుగు దూరమున నుండును. కావున సంపెంగ గ్రంథములనుండి దిగివచ్చిన మాట కాదు. చెట్టు క్రింద పూవులు ఏరుకొన్నవారి నోట నలిగిన మాట. గ్రంథములవారు చంపకమును చంపకముగానే దాచుకొన్నారు. సింహళమున చంద్రుడు సంద యైనట్లే ఈ పూవు సపు అయినది. అంబోయినా దీవిలో నివసించి మొక్కలనుగూర్చి మహాగ్రంథము వ్రాసిన రుంఫియస్ అచ్చటి పలుకుబడినిబట్టి దీనిని సంపక్కా యని వ్రాసికొన్నాడు.

గకారమును గూర్చి ఒక మాట చెప్పవలెను. మహారాష్ట్రీ ప్రాకృతమున అచ్చుల నడుమనున్న కకారము లోపించును. చంపకము చంపఅ యగును. హిందీవారి చంపా, వంగీయుల చాంపా, మరాఠీల చాఫా ఆ త్రోవను వచ్చినవి. దక్షిణభాషల రూపములలో కకారము గకారమై నిలిచియున్నది. అనగా ఈ భాషలు ఆ పదమును కకారము జారిపోకముందే అందుకొన్నవి. లేదా ప్రాకృతమును విడిచి నేరుగా సంస్కృతమునుండియో, కకారమును పోగొట్టుకొనని పాలివంటి భాషనుండియో తీసికొన్నవి. మల్లికాశబ్దము తెలుగున మల్లియ, మల్లె యై కకారమును పోగొట్టుకొనగా సంపగి దానిని నిలుపుకొనుట ఆలోచింపదగిన విషయము. ఒకే తోటలోని రెండు పూవులు తెలుగుదేశమునకు రెండు వేరు దారుల వచ్చినవి.

తెలుగుకవికి ఈ పేరు పూవుగాకంటె వృత్తముగా ఎక్కువ పరిచితము. న జ భ జ జ జ ర గణములతో, 21 అక్షరముల పాదముతో, పదునొకండవ అక్షరమున యతితో నడచు చంపకమాల నన్నయనుండి నేటి అవధానులవరకు అందరికిని వాడుక. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీసినచో చంపకమాలయగును. కలువదండకును సంపెంగదండకును భేదము ఒక్క మాత్రయు లేదు, ఒక్క అక్షరమే. కన్నడమున పంపడు పదవ శతాబ్దమున వీనిని విరివిగా వాడినాడు. ఆ భాషలో ప్రఖ్యాతములైన ఆరు వృత్తములలో ఇవి చేరినవి. సంస్కృత ఛందోగ్రంథములలోను చంపకమాల కలదు; కాని అది భ మ స గములతో పదియే అక్షరముల వేరొక వృత్తము. పేరు ఒకటి, దండ వేరు. తెలుగు చంపకమాల మూలమును సంస్కృతమున పేరునుబట్టి వెదకువారు త్రోవ తప్పుదురు.

పేరు ఒకటియై వస్తువు మారుట ఈ పూవునకు అడుగడుగున జరిగినది. నామము మంచి వాసనగల ప్రతి క్రొత్త పూవునకును అరువుపోయినది. వంగభాషలో దోలన్ చాంపా అల్లము జాతికి చెందిన తెల్లని పూవు. నజ్రుల్ ఇస్లాం 1923లో తన కవితాసంపుటికి ఆ పేరు పెట్టినాడు. పనసవాసన గలది కాంఠాలి చాంపా. దానినే మరాఠీలు పచ్చచాఫా యనగా, తెలుగువారు ఆకుసంపెంగ, సకలఫలసంపెంగ, మనోరంజితము అందురు. భూయీచాంపా అనగా నేలసంపెంగయే. కాని వంగదేశపు భూయీచాంపా పసుపుకొమ్మువంటి దుంపనుండి పుట్టునది, తెలుగువారి నేలసంపెంగ మెక్సికోనుండి వచ్చిన రజనీగంధ. మాటకు మాట సరిపోయినది, మొక్కకు మొక్క పొసగలేదు. అమెరికా ఉష్ణదేశములనుండి వచ్చి దేవాలయప్రాంగణములలో కుదురుకొన్న పాలచెట్టును తెలుగువారు గన్నేరుతో చేర్చి దేవగన్నేరు అన్నారు. ఉత్తరాదివారు చంపా అన్నారు. ఈ విషయమున తెలుగువారి చూపే నిశితము: గన్నేరును, ఆ చెట్టును వృక్షశాస్త్రమున ఒకే కుటుంబమునకు చెందినవి, సంపెంగతో దానికి చుట్టరికమే లేదు. లావోసు దేశపు జాతీయపుష్పమగు దొక్ చంపా ఈ దేవగన్నేరే. ఫిలిప్పీనులు 1934లో జాతీయపుష్పముగా ఎన్నుకొన్న సంపగీత పేరు చంపకశబ్దమునుండియే వచ్చినదని భాషావేత్తలు పలువురు తలంతురు. ఆ పూవు మాత్రము మల్లె.

ఐరోపీయుల గ్రంథములకు ఈ పేరు కేరళమునుండి చేరినది. డచ్చి అధికారి వాన్ రీడ్, ఇట్టి అచ్యుతన్ మొదలగు దేశీయవైద్యుల సాయమున కూర్చిన హోర్తుస్ మలబారికుస్ 1678 మొదలు 1693 వరకు పండ్రెండు సంపుటములుగా వెలువడినది. మొదటి సంపుటముననే చంపకం చిత్రముతో సహా ఉన్నది. దాని ఆధారముననే 1753లో లిన్నేయస్ ఈ చెట్టునకు మికేలియా చంపకా యని పేరు పెట్టినాడు. మొదటి మాట ఫ్లోరెన్సు శాస్త్రజ్ఞుడు మికేలీ పేరు. తరువాతివారు ఆ జాతిని మాగ్నోలియాలో కలిపివేయగా నేటి శాస్త్రనామము మాగ్నోలియా చంపకా యైనది; అది మోంపెలియే నగరపు వైద్యుడు మాగ్నోల్ పేరు.

తెలుగునాట సింహాచలపు కొండ సంపెంగలకు పేరెన్నిక గన్నది. అచ్చట సంపెంగ యనగా నేటికిని చంపకమే. తమిళనాటి పూలయంగడిలో మాత్రము సంగతి వేరు. చెట్టుసంపెంగ చెణ్బగమను తన పాతపేరుతో నిలిచియుండగా, సంపంగి యను పేరు రజనీగంధకు చెల్లుచున్నది. ఆ రెండవ రూపము తమిళపు పలుకుబడిలో పుట్టినది కాదు. దాని మొగమే తెలుగు కన్నడముల వైపునుండి వచ్చినదని చెప్పుచున్నది. కావున తెలుగు ప్రబంధమును తమిళమునకు పరివర్తించువాడు సంపంగిని సంపంగిగానే దింపినచో, కృష్ణదేవరాయల ఆస్థానకవి చేతికి ఆయన ఎన్నడును చూచియుండని మెక్సికో పూవును ఇచ్చినవాడగును. ఆంగ్లమునకు పరివర్తించువాడు ఉత్తరాది వాడుకను నమ్మి చంపకమును దేవగన్నేరుగా వ్రాసినచో, ఐదు రేకులు విప్పార్చుకొన్న ఆ తెల్లనిపూవు ముక్కుతో ఏ విధమున పోలునో చదువరికి తెలియదు. మూలకవి గంధఫలి యని వ్రాసినచోట మొగ్గ యని తెలియజెప్పుట, సంపెంగయని వ్రాసినచోట చెణ్బగమనియో, చంపకమనియో ఆయా భాషలలో చెట్టునకు చెల్లు పేరును వాడుట అనువాదకుని పని.